టచ్ అనగా తాకుట కాదు

అనువాదకులకు ఉత్తరాలు రావడం అరుదు. పుస్తకం నచ్చిన పాఠకుడు మూలరచయితను మెచ్చుకుంటాడు. నచ్చనివాడు అనువాదకుణ్ణి మనసులో తిట్టుకుని ఊరుకుంటాడు. ఇద్దరిలో ఎవ్వరూ తపాలా ఖర్చు పెట్టరు. అందుచేత 2013లో ఒకనాటి మధ్యాహ్నం, ప్రచురణకర్తల కార్యాలయం నుంచి చిరునామా మార్చి పంపిన పోస్టుకార్డు ఒకటి నా చేతికి అందినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషం రెండవ వాక్యం దాటి నిలువలేదన్నది వేరే సంగతి.

కార్డు మీది అక్షరాలు కవాతుకు నిలబడిన జవానుల్లా వరుస తప్పకుండా ఉన్నాయి. "అమ్మా, మీ పుస్తకం నా మనుమరాలు చదువుతుంటే నేనూ చదివినాను. తెలుగు చక్కగా ఉన్నది. కాని 44వ పుటలో టచ్ అనగా తాకుట కాదు. గోలు కమ్మీ కిందనుంచి కాదు, మీదనుంచి. స్క్రమ్‌ను దొమ్మీ అని వ్రాయుట తప్పు. తీరిక చూసుకుని ఒకసారి వస్తే వివరంగా చెప్పగలను." కింద సంతకం, దానికింద 'రిటైర్డు సుబేదారు' అని హోదా, సికింద్రాబాదులో తిరుమలగిరి వైపు చిరునామా.

ఆ పుస్తకం థామస్ హ్యూస్ 1857లో ప్రచురించిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్'. ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో చదువుకున్న ఒక కుర్రవాడి కథ. పిల్లలకోసం దానిని సంక్షిప్తంగా తెలుగు చేయమని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను. నేను ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రురాలిని. విక్టోరియా రాణి కాలపు నవలలు కొన్ని పరీక్షల నిమిత్తమూ, మరికొన్ని ఇష్టంతోనూ చదివినదానిని. ఆ ధీమాతోనే టామ్ పాఠశాలకు వచ్చిన తొలిరోజునే జరిగే పెద్ద ఆట అధ్యాయంలోకి దిగాను. దానిని హ్యూస్ ఫుట్‌బాల్ అనే వ్రాశాడు. నేనూ ఫుట్‌బాల్ అనే అనుకున్నాను. పిల్లలు బంతిని చేతులతో పట్టుకుంటూ ఉంటే, పాతకాలపు ఆట కాబోలు, నియమాలు ఇంకా కుదుటపడి ఉండవు అని సరిపెట్టుకున్నాను. బంతి 'టచ్'లోకి పోయింది అని ఉన్నచోట, అందరి చేతులకూ తగిలింది అని వ్రాశాను. బంతి అడ్డకమ్మీ మీదుగా వెళితేనే గోలు అని ఉన్నచోట ఇది తప్పకుండా అచ్చుతప్పే అని నిశ్చయించుకుని, రచయితకు ఉపకారం చేస్తున్నాననే భావంతో, కిందనుంచి వెళ్లినట్లు సవరించాను. అనువాదకులకు తెలియకపోవడం కన్న, తెలిసినట్లు అనిపించడం వల్ల వచ్చే చేటు ఎక్కువ.

కార్డు అందిన వారం తరువాత ఆదివారంనాడు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చిన్న పెంకుటిల్లు, ముందు సిమెంటు అరుగు, అరుగు పక్కన కరివేపాకు చెట్టు. సుబేదారు గారికి అప్పటికి అరవై అయిదేళ్లు ఉంటాయి. మనిషి పొడవు కాదు. కాని మెడ ఎక్కడ అయిపోయిందో భుజాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. చెవులు రెండూ నలిగిన అప్పడాల్లా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లావారు. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, అక్కడే ఈ ఆట నేర్చుకుని, పన్నెండేళ్లు ఆడారట. వారి భార్య, వరుస కలుపుకుని నేను పిన్నిగారు అన్నాను, ఒక పళ్లెంలో కాఫీతోబాటు గుప్పెడు చింతపిక్కలు కూడా తెచ్చి అరుగు మీద పెట్టారు. ఇది ఆ ఇంట ఇదివరకు కూడా జరిగిన తతంగమే అని తెలిసిపోయింది.

సుబేదారు గారు సుద్దముక్కతో అరుగు మీద నిలువుపాటి దీర్ఘచతురస్రం గీశారు. రెండు చివర్లా హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం ఆకారంలో గోలు స్తంభాలు. ఆ గోలు గీతనుంచి ఈ గోలు గీతకు 100 మీటర్లకు మించని దూరం, 70 మీటర్లకు మించని వెడల్పు. "ఈ పక్కగీతలు ఉన్నాయి చూడమ్మా, ఇవీ, వీటికి అవతల ఉన్నదీ, అదంతా టచ్. బంతి గీత మీద పడినా, దాటినా టచ్‌లోకి పోయినట్లు. ఎవరినీ తాకనక్కరలేదు" అన్నారు. అంతవరకు కాఫీ తాగుతూ కూర్చున్న నేను కప్పు కింద పెట్టి సంచిలోనుంచి కాగితం తీశాను.

బంతి స్థానంలో ఆయన ఖర్జూరపు గింజను పెట్టారు. అది కోలగా ఉంటుంది గనుక అంతకన్న మంచి నమూనా దొరకదు. గుండ్రటి బంతి నేలమీద పడితే ఎటు లేస్తుందో చెప్పవచ్చు. ఈ కోలబంతి ఎటు గెంతుతుందో దానికే తెలియదు. దానిని పట్టుకుని పరుగెత్తవచ్చు, తన్నవచ్చు. కాని చేతితో తోటివాడికి అందించేటప్పుడు ముందుకు వేయరాదు. పక్కకో వెనక్కో మాత్రమే వేయాలి. చేయి జారి ముందుకు పడ్డా తప్పే. ఆట నడిచేది ముందుకు, బంతి నడిచేది వెనక్కు. నాకు ఇది ఒక పట్టాన మింగుడుపడలేదు. "మరి ముందుకు వెళ్లడం ఎలాగండీ?" అని అడిగాను.

"మోసుకుని వెళ్లాలి. ఎదుటివాడు పట్టి పడవేస్తాడు. పడే ముందు వెనక వచ్చేవాడికి ఇవ్వాలి. వాడు మోస్తాడు. వాణ్ణీ పడవేస్తారు. వాడి వెనక ఇంకొకడు ఉండాలి" అంటూ ఖర్జూరపు గింజను ఒక పిక్క నుంచి ఇంకొక పిక్కకు, ప్రతిసారీ కాస్త వెనక్కు, మళ్లీ ముందుకు, గోలు గీతదాకా నడిపించారు. పడవేయడానికీ పద్ధతి ఉన్నది. బంతి చేతిలో ఉన్నవాణ్ణే పట్టాలి, భుజాలకు దిగువనే పట్టాలి. పడినవాడు బంతిని వదలాలి, పడవేసినవాడు వాణ్ణి వదలాలి. నేలమీది ఆ బంతికి ఇటూ అటూ కాళ్లమీద నిలబడి ఇరుపక్షాలవారు నెట్టుకుంటే దానిని రక్ అంటారు. బంతి పట్టుకున్నవాడు పడకుండా నిలబడి ఉండగా చుట్టూ కమ్ముకుంటే మాల్. (బజారులోని మాల్ కాదని మీకు చెప్పనక్కరలేదు, నాకు చెప్పవలసి వచ్చింది.) బంతి టచ్‌లోకి పోయినప్పుడు రెండు జట్లూ రెండు వరుసలుగా నిలబడితే మధ్యకు బంతిని విసురుతారు, తమ జట్టువాణ్ణి నడుము దగ్గర పట్టి పైకెత్తి అందిస్తారు. అది లైనవుట్.

గోలు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై. ఇప్పుడు దానికి 5 పాయింట్లు. తరువాత స్తంభాల మధ్యగా, కమ్మీ మీదుగా బంతిని తన్నగలిగితే మరి 2. ఎదుటిపక్షం తప్పు చేస్తే దొరికే పెనాల్టీని తన్ని గెలుచుకుంటే 3. ఆట మధ్యలో బంతిని నేలకు వదిలి, అది లేచే క్షణంలో తన్ని కమ్మీ దాటించినా 3. నలభై నిమిషాల వంతున రెండు భాగాల ఆట. ఇక్కడ నా వృత్తికి సంబంధించిన చిన్న విశేషం ఒకటి చెప్పుకోవాలి. ట్రై అనే మాటను నా పుస్తకంలో 'ప్రయత్నం' అని వ్రాసి, అచ్చయిన తరువాత అది చూసి సిగ్గుపడ్డాను. కాని సుబేదారు గారు దానిని తప్పుల జాబితాలో చేర్చలేదు. ఎందుకని విచారిస్తే, పూర్వం బంతిని గీత అవతల ఆనించినందుకు పాయింట్లే లేవట. ఆనించినవాడికి గోలుకు తన్ని చూసే అవకాశం, అనగా ప్రయత్నించే హక్కు మాత్రమే దక్కేది. ఆ హక్కుకు పేరు ట్రై. 1971లో దాని విలువ 4 పాయింట్లకు, 1992లో 5కు పెరిగింది. పేరు మాత్రం ఆ పాత అణకువతోనే ఉండిపోయింది. తెలియక వ్రాసినదే గాని, నా పుస్తకంలో నిలిచినది ఆ ఒక్క మాటే.

ఆ తరువాత ఆటగాళ్లను నిలబెట్టడం మొదలుపెట్టారు. జట్టుకు పదిహేను మంది. ఒక్కొక్కరి చొక్కా వెనక ఉన్న నంబరే వారి ఉద్యోగం. ఎనిమిది మంది ఫార్వర్డులు, ఏడుగురు బ్యాకులు. బ్యాకులను ఆయన త్వరగా ముగించారు. వారిమీద ఆయనకు గొప్ప గౌరవం ఉన్నట్లు కనబడలేదు. తొమ్మిదోవాడు స్క్రమ్ హాఫ్: పొట్టివాడు, నోరు గలవాడు, ఫార్వర్డుల కాళ్లలోనుంచి వచ్చిన బంతిని బయటికి అందించేవాడు. పదోవాడు ఫ్లై హాఫ్: పరుగెత్తాలా, తన్నాలా, అందించాలా అని రెప్పపాటులో నిర్ణయించేవాడు. పన్నెండు, పదమూడు సెంటర్లు. పదకొండు, పద్నాలుగు రెండు అంచులనుండే వింగులు. 1995 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌లో ఇంగ్లండు మీద నాలుగు ట్రైలు చేసిన న్యూజిలాండు ఆటగాడు జోనా లోము పదకొండోవాడే. అందరికీ వెనక పదిహేనోవాడు ఫుల్ బ్యాక్. "వీళ్ల చొక్కాలు మాసిపోవమ్మా" అన్నారు సుబేదారు గారు. పిన్నిగారు లోపలినుంచి నవ్వారు.

ఫార్వర్డుల దగ్గర మాత్రం ఆయన చేతివేగం తగ్గింది. చిన్న తప్పు జరిగి ఆట ఆగినప్పుడు తిరిగి మొదలుపెట్టే పద్ధతి స్క్రమ్. ముందువరుసలో ముగ్గురు, వారి వెనక 4, 5 నంబర్ల లాకులు, చెరొకపక్క 6, 7 ఫ్లాంకర్లు, తుదిని నంబర్ ఎయిట్. ఎనిమిది మందీ ఒకరినొకరు పెనవేసుకుని, వంగి, ఎదుటి ఎనిమిది మందితో తలలు ఇరికించి నెట్టుకుంటారు. నడుమ సొరంగంలా ఏర్పడిన సందులోకి తొమ్మిదోవాడు బంతిని వేస్తాడు. అంతర్జాతీయ పోటీలలో ఒక్కొక్క పక్షం బరువు 800 కిలోలు దాటుతుంది. ముందువరుసలో అటొకరు ఇటొకరు ఉండే 1, 3 నంబర్లవారు ప్రాపులు. ప్రాప్ అనగా గోడ ఒరిగిపోకుండా పెట్టే ఊత. ముందువరుసలు కలుసుకున్నప్పుడు ఒకటో నంబరువాడి తలకు బయటివైపు ఖాళీగా ఉంటుంది గనుక వాడు లూజ్ హెడ్. మూడో నంబరువాడి తల ఎదుటివారి ఇద్దరి తలల మధ్య ఇరుక్కుని ఉంటుంది గనుక వాడు టైట్ హెడ్. "నేను మూడు" అన్నారు ఆయన, పిక్కను వేలితో అదిమి.

పదిహేనుకు పద్నాలుగు పిక్కలు అరుగుమీద కుదిరాయి. ఒకటికీ మూడుకూ మధ్య ఖాళీ ఉండిపోయింది. ఒక పిక్క ఆయన గుప్పిట్లోనే ఉన్నది. నేను చూపుడువేలితో ఆ ఖాళీని చూపించాను. ఆయన దానిని అక్కడ పెట్టి "హుకర్" అని మాత్రం అన్నారు. సొరంగంలోకి వచ్చిన బంతిని కాలితో కొక్కెంలా వెనక్కు లాగేవాడు. రెండు చేతులూ రెండు ప్రాపుల భుజాల మీద ఉంటాయి గనుక కిందపడితే ఆనుకోవడానికి చెయ్యి లేనివాడు. ఈ వివరం నాకు ఆయన ఆ రోజు చెప్పలేదు. ఆ మాటకు ఆంగ్లంలో ఉన్న మరొక అర్థం నాకు తెలిసి ఉండడంచేత, పెద్దాయన మొహమాటపడుతున్నారు కాబోలు అనుకుని నేనూ అడగలేదు.

ఎందుకో మాట మార్చాలనిపించి, "ఎంత చెప్పినా ఇది మన ఆట కాదు గదండీ" అన్నాను. "వాళ్ల కప్పులో ఉన్నవి మన రూపాయలే" అన్నారు ఆయన. ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగవేస్తే నిజమే. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లండువారు ఒకపక్క, స్కాట్లండు, ఐర్లండు, వేల్సువారు ఒకపక్క ఈ ఆట ఆడారు. ఆ ఉత్సాహంతో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. కొన్నేళ్లకు సభ్యులు పోలో, టెన్నిసుల వైపు మళ్లడంతో క్లబ్బు మూతపడవలసి వచ్చింది. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 రూపాయలు కరిగించి, నాగుపాములు పిడులుగానూ మూతమీద ఏనుగు ఉండేటట్లుగానూ కప్పు చేయించి ఇంగ్లండులోని రగ్బీ సమాఖ్యకు ఇచ్చారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దానికోసమే పోటీపడుతున్నాయి. దాని పేరు ఇప్పటికీ కలకత్తా కప్పు. ఆ పాములను చెక్కినది మన కంసాలి చేతులే. అయినా మనదేశపు జట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడడానికి 1998 దాకా ఆగవలసి వచ్చింది. ఇక 1823లో వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడంతో ఈ ఆట పుట్టిందనే కథకు సరైన ఆధారం లేదు. అతడు పోయిన తరువాతనే అది పుట్టింది. ప్రపంచ కప్పుకు మాత్రం అతని పేరే పెట్టారు.

నేను వెనక్కు తగ్గనిది ఒక్క 'దొమ్మీ' దగ్గర. రెండవసారి వెళ్లినప్పుడు బరువైన నిఘంటువును వెంట తీసుకువెళ్లాను. స్క్రమ్ అనేది స్క్రిమేజ్ నుంచి, స్క్రిమేజ్ అనేది స్కిర్మిష్ నుంచి వచ్చినవి. స్కిర్మిష్ అంటే చిన్నపాటి కొట్లాట. అందుచేత దొమ్మీ అనడంలో దోషం లేదని వాదించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నిఘంటువును చేతిలోకి తీసుకుని బరువు చూసి తిరిగి ఇచ్చారు.

"డిక్షనరీకి మెడ ఉండదు కదమ్మా" అన్నారు.

ఆయన ఉదయంపూట దగ్గరలోని ఖాళీ మైదానంలో బస్తీ పిల్లలకు ఆట నేర్పుతారని అప్పుడే తెలిసింది. వారు ఆడేది ఏడుగురి ఆట. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, స్క్రమ్‌లో పక్షానికి ముగ్గురే. 2016లో రియో ఒలింపిక్సుతో క్రీడోత్సవాలకు ఎక్కినది కూడా ఇదే. ఆ 2013లోనే అంతర్జాతీయ రగ్బీ బోర్డు స్క్రమ్ కలిసే పద్ధతిని మార్చింది. అంతకుముందు ఇరుపక్షాలూ ఎడంగా నిలబడి ఒక్క ఊపున ఢీకొనేవి. ఇకమీదట రిఫరీ మూడు ఆజ్ఞలు ఇస్తాడు: క్రౌచ్, బైండ్, సెట్. మొదటిదానికి వంగాలి. రెండవదానికి ప్రాపులు బయటి చేతితో ఎదుటి ప్రాపుల చొక్కా పట్టుకోవాలి. మూడవదానికి కలవాలి. ముందే పట్టు ఉండడంచేత దూకుడు తగ్గుతుంది, మెడలు దక్కుతాయి. "పిల్లలకు ఇంగ్లీషు రాదు. ఈ మూడింటికీ మూడు తెలుగు మాటలు కావాలి. పొట్టిగా ఉండాలి, ఒకదానిలా ఇంకొకటి వినబడకూడదు" అన్నారు సుబేదారు గారు. నా పుస్తకంలో తప్పులు పట్టిన మనిషి నన్ను పని అడిగారు. అంత గౌరవం నాకు ఏ సంపాదకుడూ చేయలేదు.

నాలుగురోజులు ఆలోచించి 'వంగు, పట్టు, కుదురు' అని తేల్చాను. మూడూ అచ్చతెలుగు, మూడూ ఉకారాంతాలు, చెప్పుకోవడానికి లయగా ఉన్నాయి. మంచి అనువాదం చేశాననే తృప్తితో చలికాలపు ఒక ఉదయం మైదానానికి వెళ్లాను. అరడజను మగపిల్లలు, అయిదారుగురు ఆడపిల్లలు. హుకర్ స్థానంలో పన్నెండేళ్ల సన్నటి పిల్ల, రెండు జడలూ పైకి మడిచి కట్టుకుని.

'వంగు' బాగానే జరిగింది. 'పట్టు' అన్నారో లేదో, ఎదుటి పక్షంలోని ఇద్దరు కుర్రవాళ్లు ఒక్క తోపు తోశారు. వాళ్ల నాన్నలు తాలీంఖానాకు వెళ్లి కుస్తీ పట్టేవాళ్లట; వాళ్ల ఇంట 'పట్టు' అంటే మొదలుపెట్టమని అర్థం. సుబేదారు గారు ఈల వేసి ఆపి, మళ్లీ చెప్పి, మళ్లీ నిలబెట్టారు. ఈసారి పట్టు దాకా సజావుగా వచ్చింది. 'కుదురు' అనగానే ఒకపక్క ప్రాపుగా ఉన్న చిన్నవాడు చతికిలబడ్డాడు. కుదురుగా కూర్చో అని బడిలో రోజుకు పదిసార్లు విన్న పిల్లవాడు మరేమి చేస్తాడు? వాడితోబాటు ముందువరుస కూలింది. జడల పిల్ల ముఖం గడ్డిలోకి వెళ్లింది, దానిమీద మరో ఇద్దరు.

నాకు నవ్వు వచ్చింది. పిల్లలూ నవ్వుతున్నారు. ఆ వయసులో ఆయన అంత వేగంగా పరుగెత్తగలరని నేను అనుకోలేదు. మోకాళ్ల మీద కూలబడి, ఆ పిల్లను కదలనీయక, మెడ వెనక రెండు వేళ్లతో తడిమి, కాళ్లు కదుపు, చేతులు కదుపు అని అడిగి, అప్పుడుగాని లేవనీయలేదు. పిల్లకు ఏమీ కాలేదు. ఆయన ముఖం మాత్రం సున్నం వేసిన గోడలా ఉన్నది. ఆ రోజుకు ఆట చాలించి పిల్లలను ఇళ్లకు పంపేశారు.

మైదానం గట్టుమీద కూర్చుని అప్పుడు చెప్పారు. 1978లో, ఒక కంటోన్మెంటు మైదానంలో, వానపడిన మరునాడు. ఆయన మూడో నంబరు. రెండో నంబరువాడు ఆయన పక్క ఊరివాడే. ఒకే రోజున సైన్యంలో చేరినవాళ్లు, ఒకే రైల్లో సెలవుకు వెళ్లేవాళ్లు. స్క్రమ్ ఢీకొన్నది, కూలింది. అందరూ లేచారు, అతను లేవలేదు. ఇంటికి పంపించారు గాని మళ్లీ నడవలేదు. ఏటా సెలవుకు వెళ్లినప్పుడు సుబేదారు గారు మొదట ఆ ఇంటికి వెళ్లి తరువాత తన ఇంటికి వెళ్లేవారట. 1991లో అతను పోయేదాకా.

"కాలు జారిందని అందరికీ చెప్పాను. రిపోర్టులో కూడా అదే ఉన్నది. జారిందో, బరువు తాళలేక నేనే వదిలానో నాకు తెలియదమ్మా. వాడికి తెలిసే ఉంటుంది. వాడి చెయ్యి నా భుజం మీదనే ఉంది గదా. ఏదో ఒక ఏడు అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు" అన్నారు. ఆ మాటలకు నేనేమి చెప్పగలను? మా ఇద్దరి మధ్యా గట్టుమీద నా నోటుపుస్తకం ఉన్నది. దానిలో 'వంగు, పట్టు, కుదురు' అని అందంగా వ్రాసుకున్న పుట పైకి కనబడుతున్నది. దానిని మూసేశాను.

ఆ తరువాత మరి మూడు నాలుగు మాటలు ప్రయత్నించకపోలేదు. 'అందుకో' అంటే పిల్లలు చేతులు పైకెత్తారు. 'కలువు' అంటే దేనికీ కదలలేదు. చివరికి సుబేదారు గారే తేల్చారు: పోటీలకు వెళితే రిఫరీ తెలుగులో అరవడు, పిల్లల చెవులకు ఆ ఇంగ్లీషు మాటలే అలవాటు కావాలి. ఒక్కొక్క మాటకు ఏమి చేయాలో తెలుగులో పదిసార్లు చెప్పి, ఆజ్ఞ మాత్రం క్రౌచ్, బైండ్, సెట్ అనే ఇచ్చారు. నెలరోజుల్లో ఆ మూడు మాటలూ వాళ్లకు నా తెలుగుకన్న బాగా వంటబట్టాయి. ఇరవై ఏళ్ల వృత్తిలో నా అనువాదాన్ని ఇంత సకారణంగా తిరస్కరించినవారు లేరు. నేను ఇచ్చిన మాటల్లో మిగిలింది ఒక్కటే. ప్రాప్‌కు ఏమంటే బాగుంటుందని ఒకసారి ఆయన అడిగితే, 'దన్ను' అన్నాను. "నువ్వు దాని దన్నువిరా, గుర్తుందా?" అని ఆ చిన్నవాణ్ణి కేకవేయడం తరువాత చాలాసార్లు విన్నాను.

అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి ఆ ఇంటికి వెళ్లడం అలవాటయింది. ఆడపిల్లలకు ఈ మొరటు ఆటేమిటని బస్తీలో కొందరు అనేవారు; నేను కూడా మనసులో అనుకున్నదాన్నే. 2019 జూన్‌లో మనీలాలో మన మహిళల జట్టు సింగపూర్‌ను 21-19 తేడాతో గెలిచి, పదిహేను మంది ఆటలో తన మొట్టమొదటి అంతర్జాతీయ విజయం సాధించినప్పుడు సుబేదారు గారు రాత్రివేళ ఫోను చేసి ఆ సంఖ్యలు రెండుసార్లు చెప్పారు. జడల పిల్ల అప్పటికి కాలేజీకి వచ్చింది, హుకర్‌గానే ఆడుతున్నది.

ఆ సంవత్సరం చివరలోనే నా పుస్తకం రెండవ ముద్రణకు వచ్చింది. ఆట అధ్యాయాన్ని మొదటినుంచి మళ్లీ వ్రాశాను. ప్రచురణకర్తలు ఒక అధ్యాయం కోసం ఇంత శ్రమ ఎందుకని అన్నారు గాని అడ్డుచెప్పలేదు. టచ్‌ను టచ్ అనే ఉంచి ఒక వాక్యంలో వివరించాను. బంతిని కమ్మీ మీదుగా పంపించాను. దొమ్మీ తీసివేసి స్క్రమ్ అనే పెట్టాను. అచ్చుకు ముందు ప్రూఫులు తీసుకుని తిరుమలగిరి వెళ్లాను. సుబేదారు గారికి చూపు తగ్గింది. నన్నే చదవమని అరుగుమీద గోడకు ఆనుకుని కూర్చున్నారు.

అధ్యాయం చివర, ఎదుటిపక్షంవారు దూసుకువస్తుండగా, ఆ రోజే బడిలో చేరిన చిన్న టామ్ బంతిమీద బోర్లా పడతాడు. వాడి మీద పెద్ద పిల్లలంతా గుట్టగా పడతారు. మొదటి ముద్రణలో నేను దానిని అక్కడే ముగించి గెలుపు సంబరంలోకి వెళ్లిపోయాను. మూలంలో ఇంకొకటి ఉన్నది. జట్టు నాయకుడు అందరినీ పక్కకు తోసి, పిల్లవాడికి గాలి ఆడనిచ్చి, ఒళ్లంతా తడిమి చూసి, ఎముకలేవీ విరగలేదని చెబుతాడు. సంక్షిప్త ప్రతి గదా, పుటల లెక్క కుదరాలి గదా అని అప్పట్లో ఆ నాలుగు వాక్యాలూ తీసివేశాను. కథకు అవి అక్కరలేదనిపించింది.

ఇప్పుడు వాటిని తిరిగి చేర్చాను. చేర్చినట్లు ఆయనకు చెప్పలేదు. చదువుకుంటూ అక్కడికి వచ్చాను. కుర్రవాళ్లు ఒక్కొక్కరే లేచారు. నాయకుడు వంగి చూశాడు. చేతులు, కాళ్లు తడిమాడు. ఏమీ విరగలేదన్నాడు.

సుబేదారు గారు కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపట్టిందేమోనని ఆగాను.

"ఆ చివరిది ఇంకొకసారి చదువమ్మా" అన్నారు.

మళ్లీ చదివాను.